ఇరవై మూడో పాము

పాము తన విషానికి తాను చావదు. ఆ సంగతి పాములు పట్టేవాళ్ళందరికీ తెలుసు. ఎందుకు చావదో కనిపెట్టడానికి మాత్రం కాత్యాయనికి పదకొండేళ్ళు పట్టింది.

అందులో నాలుగేళ్ళు ఆమె అమెరికా ఎడారిలో గిలకపాముల వెంట తిరిగింది. కోపమొస్తే తోక చివర గిలక్కాయలా మోగించే పాము అది. కాటు వేసిందంటే బతికి బట్టకట్టడం కష్టం. ఆ పాము కోరల్లో ఎంత విషముందో దాని నెత్తుట్లో అంత విరుగుడూ ఉందని అక్కడే ఆమెకు తెలిసింది. పొరపాటున తన ఒళ్ళు తానే కొరుక్కున్నా పామును కాపాడేది ఆ పదార్థమే. తిరిగొచ్చాక నెల్లూరు దగ్గర, పెన్న ఒడ్డున కొత్తగా పెట్టిన విషపరిశోధన కేంద్రంలో చేరింది. ఆ పదార్థాన్ని తయారుచేయడం మనిషి భుజం కండకు నేర్పింది. ఒక్క సూది వేస్తే పన్నెండేళ్ళపాటు కండ తనంతట తానే విరుగుడును ఊరిస్తూ ఉంటుంది. పొలంలో పాము కరిచినా మనిషి కాలు కడుక్కుని ఇంటికి నడిచొస్తాడు. దానికి కవచం అని పేరు పెట్టారు.

ఇక తేలవలసింది ఒక్కటే. మన రక్తపింజర విషం ముందు అది నిలుస్తుందా? వరికోతల్లో, నిమ్మతోటల్లో కూలీలను పొట్టన పెట్టుకునేది ఆ పామే. ఊరికొకటిగా ఇరవై మూడు చోట్ల నుంచి పింజరలు కావాలన్నారు. వాటిని పట్టి తెచ్చే పని ఏకొల్లు చెంచయ్యకు అప్పగించారు.

చెంచయ్య యానాది. అరవై దాటినా నడకలో తొట్రుపాటు లేదు. ఇసకలో జాడ చూసి పాము కడుపు నిండుందో ఖాళీగా ఉందో చెప్పేవాడు. పట్టిన పామును కుండలో పెట్టి, మూతికి గుడ్డ కట్టి, బస్సు దిగి, ఎండలో నడిచి కేంద్రానికి తెచ్చేవాడు. ఇరవై మూడో పామును తెచ్చిన రోజు మాత్రం కుండను మిగతావాటి వరసలో పెట్టలేదు.

"దీన్ని ఏరేగా పెట్టుకో డాక్టరమ్మా. ఇది వెలిగొండల కిందిది."

"ఏం, కొండది అయితే? పింజర పింజరే కదా చెంచయ్యా?" అంది కాత్యాయని.

"చూపుకి అదే. కరిస్తే అది గాదు. ఇక్కడి పింజర కరిస్తే చిగుళ్ళలోంచి, గోళ్ళలోంచి నెత్తురు కారతాది. కొండకింది పింజర కరిస్తే చుక్క నెత్తురు రాదు. నిద్రొచ్చినట్టు రెప్పలు వాల్తాయి. ఆ నిద్దర్లోంచి లేసినోడ్ని నేనింతవరకూ జూళ్ళా."

కాత్యాయని నవ్వి ఊరుకుంది. కానీ ఆ మాట ఆమెకు కొత్తది కాదు. ఎడారిలో ఆమె చూసింది అదే. ఒకే జాతి గిలకపాము కొండకు ఇటువైపున కరిస్తే రక్తం పాడవుతుంది, అటువైపున కరిస్తే నరాలు చచ్చుబడి ఊపిరి ఆగుతుంది. తన సిద్ధాంతగ్రంథంలో ఒక అధ్యాయమంతా దాని మీదే రాసింది.

మర్నాడు ఉదయం పరీక్ష జరిగింది. కవచం సూది వేసిన తెల్ల ఎలుకలకు ఒక్కొక్క పాము విషమూ ఎక్కించారు. ఇరవై రెండు పంజరాల్లో ఎలుకలు కాసేపు ముడుచుకుని, తర్వాత లేచి గింజలు కొరికాయి. ఇరవై మూడో పంజరంలోవి గంట తిరక్కుండా పక్కకు ఒరిగాయి. రక్తం చూస్తే శుభ్రంగా ఉంది. కవచం తన పని తాను చేసింది. ఆగింది ఊపిరి. కాత్యాయని తలుపు వేసుకుని ఇంకో రెండుసార్లు చేసి చూసింది. రెండుసార్లూ అదే జరిగింది.

సాయంత్రం నాలుగింటికి కేంద్రం డైరెక్టరు శేషాచలపతి తలుపు తోసుకుని వచ్చాడు. ఆయన చేతిలో ఢిల్లీకి పంపవలసిన ఫైలు ఉంది. అనుమతి సంఘం మళ్ళీ కూర్చునేది రెండేళ్ళకు.

"ఇరవై మూడూ నిలిచాయా అమ్మా?"

నిజం చెప్పడానికి ఆమె నోరు తెరిచింది. చెబితే ఏమవుతుందో కూడా అదే క్షణంలో కళ్ళముందు కనిపించింది. కొండ పాము కోసం రెండో పదార్థం వెతకాలి. దానికి నాలుగేళ్ళో అయిదేళ్ళో పడుతుంది. ఈలోగా వేరే దేశంలో వేరే ఎవరో ముందు కనిపెట్టేస్తారు. ఈ ఆలస్యంలో డెల్టా కూలీలు ఎంతమంది పోతారో అని కూడా అనుకుంది. అయితే ఆ ఆలోచన వచ్చింది చివర్న. ఆ వరస ఆమెకు తర్వాత జీవితమంతా గుర్తుండిపోయింది.

"ఇరవై రెండు సర్. ఒకటి పాడైన నమూనా. పాము నోట్లో పుండుంది. చీము కలిసిన విషం, ఎలుకలు దానివల్ల పోయాయి."

"చూసుకుని తేవద్దూ ఆ చెంచయ్య? సరే, అదే రాసెయ్యి."

రాసింది. 'సేకరించిన వ్యక్తి అజాగ్రత్త వల్ల నమూనా కలుషితమైంది. సేకర్త: ఏకొల్లు చెంచయ్య.' ఎవరి పేరూ లేకుండా కూడా ఆ వాక్యం రాయవచ్చు. పేరుంటే నమ్మకంగా ఉంటుందని రాసింది. పది రోజుల తర్వాత, రోగమున్న పాములు తెస్తున్నాడని చెంచయ్యను పనిలోంచి తీసేశారు. ఆ కాగితం ఆమె బల్ల మీదికి వచ్చింది. చూసి పక్కన పెట్టింది.

ఆ వారం ఆదివారం చెంచయ్య ఇంటికొచ్చాడు. ఎప్పటిలాగే తాటిముంజలు తెచ్చాడు. కాత్యాయని కూతురు మేధకు అప్పుడు తొమ్మిదేళ్ళు. చెంచయ్య తాత అంటే ప్రాణం. ఆయన వరండా మెట్టు మీద కూర్చుని ముంజలు ఒలిచి పెడుతుంటే పిల్ల నీళ్ళు గడ్డం మీదుగా కారుతున్నా పట్టించుకోకుండా జుర్రుకుంటోంది. కాత్యాయని గుమ్మంలో నిలబడింది. చెంచయ్య తలెత్తి ఆమెను చూశాడు. ఏదో అడగబోయాడు. పిల్ల వైపు చూశాడు.

"తిను తల్లీ, లేతయ్యి" అని, కత్తి తుడుచుకుని లేచాడు. "పోయొస్తా డాక్టరమ్మా."

మళ్ళీ రాలేదు. తాత ఎందుకు రావడం లేదని మేధ కొన్నాళ్ళు అడిగి అడిగి మానేసింది.

*

ఆరేళ్ళు గడిచాయి. కవచం జిల్లా అంతా పాకింది. బడుల్లో, పంచాయతీ ఆఫీసుల్లో వరసలు కట్టించి సూదులు వేశారు. డెల్టాలో పాముకాటు చావులు వేళ్ళ మీద లెక్కపెట్టేటంత తగ్గాయి. ఇందులో అబద్ధం లేదు. కాత్యాయనికి సన్మానాలు జరిగాయి. పత్రికల్లో ఆమె బొమ్మ వేశారు. కోతల కాలంలో దారిన పోతుంటే ఎవరో ఒకరు దణ్ణం పెట్టేవారు. ఆ దణ్ణాలకు ఆమె తిరిగి దణ్ణం పెట్టేది కాదు, తల వంచుకుని కారెక్కేది. ఎంత అణకువో అని జనం అనుకునేవారు.

కవచం ఉన్నవారికి మామూలు విరుగుడు మందు ఎక్కిస్తే ఒంటికి పడక ప్రాణం మీదికి రావచ్చు. అందుకని ఆసుపత్రులకు ఒక నియమం పంపారు. కవచం ఉన్నవారిని పాము కరిస్తే మందు ఇవ్వకుండా ఆరు గంటలు కనిపెట్టి చూడాలి. ఆ నియమం రాసింది కూడా కాత్యాయనే.

అయిదో ఏట కొండల కింద నుంచి ఒక కాగితం వచ్చింది. మాలకొండయ్య అనే మేకల కాపరి, వయసు నలభై, కవచం ఉంది, పొదలో ఏదో కరిచింది, రక్తం బాగుంది, కొన్ని గంటలకు ఊపిరాడక పోయాడు. కారణం పక్షవాతమని డాక్టరు రాశాడు. ఆరో ఏట ఇంకొకటి వచ్చింది. నిమ్మతోటలో కాయలు కోసే ఒక ముసలామె. అదే తీరు. 'కవచంతో సంబంధం లేదు' అన్న గడిలో కాత్యాయని రెండుసార్లూ సంతకం చేసింది. రెండోసారి కలం సిరా పారలేదు. విదిలించి మళ్ళీ రాసింది.

మేధకు పదిహేనేళ్ళు వచ్చాయి. "మా అమ్మ కనిపెట్టింది" అని బడిలో కవచం మీద ప్రసంగం చేసి కప్పు గెలుచుకొచ్చింది. దాన్ని హాల్లో పెడతానంటే కాత్యాయని వద్దంది. ఎందుకు వద్దని అడిగితే, దుమ్ము పడుతుందంది.

*

ఒక బుధవారం మధ్యాహ్నం రెండింటికి ఫోను మోగింది. కొండల కింది ప్రభుత్వాసుపత్రి నుంచి, కొత్తగా చేరిన డాక్టరు. గొంతులో కంగారు.

"మేడమ్, ఇరవై ఎనిమిదేళ్ళ ఆవిడ. పాము కరిచి రెండు గంటలైంది. కవచం ఉంది. రక్తం మామూలుగానే గడ్డకడుతోంది. కానీ రెప్పలు ఎత్తలేకపోతోంది, ఉమ్ము మింగలేకపోతోంది. నియమం ప్రకారం ఇంకా నాలుగు గంటలు చూడాలి. వాళ్ళ నాన్న ఒకటే గొడవ, మందు ఇవ్వమని."

వెనక నుంచి ముసలి గొంతొకటి వినిపించింది. "అయ్యా, అది కొండ పింజరయ్యా! నేను జూసినా! ఆ కవచానికి అది తెల్దయ్యా!"

కాత్యాయని ఆ గొంతును గుర్తుపట్టింది. ఒక్క మాట చాలు. 'నియమం పాటించండి' అంటే ఫోను పెట్టేయవచ్చు. రేపు ఇంకో కాగితం వస్తుంది. సంతకం చేయడం ఆమెకు అలవాటైన పనే. అలా చేయగలనన్న సంగతి తనకు తెలియడమే ఆమెను భయపెట్టింది.

"మందు ఇచ్చెయ్యండి" అంది.

"మేడమ్, నియమంలో..."

"నియమం తప్పు. రాసింది నేనే, తప్పని నాకు ముందే తెలుసు. విరుగుడు ఎక్కించండి. ఒళ్ళు దద్దుర్లొస్తే, వణుకొస్తే దానికి మందివ్వండి, విరుగుడు మాత్రం ఆపొద్దు. ఊపిరి చూసుకోండి. ఆగిపోతే మీరే ఊదాలి. వెంటిలేటరుందా?"

"ఒకటుంది. దాని మీద వేరే పేషంటున్నాడు."

"గాలిసంచి పెట్టి చేత్తో నొక్కండి. నేనొస్తున్నాను."

ఆమె చేరేసరికి చీకటి పడబోతోంది. రవణమ్మ, చెంచయ్య కూతురు, మంచం మీద కదలకుండా పడుంది. గొంతులో గొట్టం, దానికి రబ్బరు సంచి. నర్సు ఒక్కతే గంటల తరబడి నొక్కుతోంది. మణికట్టు వాచింది. కాత్యాయని సంచి అందుకుంది. నొక్కితే రొమ్ము లేస్తోంది. వదిలితే దిగుతోంది. తన చేయి ఆగితే ఈ మనిషి ఆగిపోతుంది. ఆరేళ్ళ నుంచీ కొండల కింది మనుషుల ఊపిరి తన చేతిలోనే ఉందని, ఇవాళ కంటికి కనిపిస్తోందని ఆమెకు అనిపించింది.

చెంచయ్య గోడవార కింద కూర్చున్నాడు. బాగా ముసలివాడయ్యాడు. ఆమెను చూసి లేవలేదు.

రెండు రోజులు అలాగే గడిచాయి. కాత్యాయని, నర్సు, డాక్టరు వంతులు వేసుకుని నొక్కారు. రెండో రోజు చెంచయ్య కూడా నేర్చుకుని నొక్కాడు. మూడో రోజు ఉదయం పెద్దాసుపత్రి నుంచి ఇంకో వెంటిలేటరు వచ్చింది. కాత్యాయని చేతులు ఖాళీ అయ్యాయి. ఇక మాట్లాడకుండా ఉండడానికి సాకు లేకపోయింది. వెళ్ళి వరండాలో చెంచయ్య పక్కన నేల మీద కూర్చుంది.

"చెంచయ్యా, మీకో సంగతి చెప్పాలి."

"ఇదేంది, కొత్తగా 'మీరు' అంటుండావు?"

"ఆ ఇరవై మూడో పాము... దాని నోట్లో పుండు లేదు. నేనే అలా రాశాను. మీ పేరు పెట్టి రాశాను."

"తెలుసు."

"తెలుసా?"

"పన్లోంచి తీసేసిన నాడే గుమాస్తా జదివి ఇనిపిచ్చినాడు. నోరు కుళ్ళిన పామును నేను తెస్తానా డాక్టరమ్మా? మా తాతలకాడ్నించి ఆ పనే గదా. మా వోళ్ళంతా నవ్వినారు. చెంచయ్యకి కళ్ళు కనపడ్డంలేదు, రోగం పాములు పడతన్నాడు అన్నారు. తర్వాత ఎవురూ పాముకి పిలవలా."

"మరి ఆ ఆదివారం ఇంటికొచ్చి ఎందుకు అడగలేదు?"

"అడగాలనే వచ్చినా. బిడ్డ ఎదురుగ్గా ఉండె. నేనడిగితే నువ్వు అబద్ధమన్నా చెప్పాల, నిజమన్నా చెప్పాల. ఏది జెప్పినా బిడ్డ ఇంటాది గదా. అందుకని లేసి పోయినా."

కాత్యాయని మొహం రెండు చేతుల్లో దాచుకుంది. తిట్టుంటే తట్టుకునేది. తన పరువు పోయిన రోజున కూడా ఆ మనిషి ఆమె పరువు కాపాడి వెళ్ళాడు. ఆ పరువును ఆరేళ్ళు ఆమె శాలువాలా కప్పుకు తిరిగింది.

"నన్ను క్షమించమని అడగను" అంది.

"అడగొద్దు" అన్నాడు చెంచయ్య. "నాకు చాత గాదు. లోపల నా బిడ్డ పడుండాది." గుమ్మం వైపు చూసి అన్నాడు. "మాలకొండయ్య కూడా కొండపామే. ఆ ముసిల్ది కూడా. నేను చెప్తే ఎవురింటారు?"

అయిదో రోజు రవణమ్మ కళ్ళు తెరిచింది. గొట్టం తీశాక మొదటిమాటగా తోటలో వదిలేసిన బుట్ట ఎవరు తెచ్చారని అడిగింది. చెంచయ్య బయటికెళ్ళి ప్రహరీ గోడ పట్టుకుని ఏడ్చాడు. కాత్యాయని దూరం నుంచే చూసి, కారెక్కి నెల్లూరు వచ్చేసింది.

*

కేంద్రానికి వెళ్ళే ముందు ఇంట్లో చెప్పింది. వంటింట్లో మేధ దోసె తింటోంది. పొయ్యి కట్టేసి, ఎదురుగా కూర్చుని, మొదట్నుంచీ చెప్పింది. ఎలుకలు, చీము మాట, చెంచయ్య పేరు, మాలకొండయ్య, ముసలామె, రెండు సంతకాలు, రవణమ్మ.

మేధ తినడం ఆపింది. "డైరెక్టరు గారు రాయమన్నారా?"

"లేదు. ఆయన అడిగారంతే. నేనే చెప్పాను."

"పొరపాటున అనుకున్నావా, నిజంగా పుండుందని?"

"లేదమ్మా. మూడుసార్లు చేసి చూశాను. తెలిసే రాశాను."

తల్లి తప్పించుకోవడానికి ఇంకో దారి ఏదైనా ఉందా అని పిల్ల వెతుకుతోందని కాత్యాయనికి అర్థమైంది. ఒక్కటీ దొరకలేదు. మేధ లేచి పళ్ళెం కడిగి బోర్లించింది. "తాత ఇంకెప్పుడూ రాడు కదా" అంది, తల తిప్పకుండానే. తర్వాత గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

ఆ తర్వాత జరగవలసినవి జరిగాయి. కవచం సూదులు ఆపేశారు. విచారణ సంఘం వేశారు. నియమం మార్చారు. కాత్యాయని ఉద్యోగం పోయింది. శేషాచలపతి 'సాంకేతిక లోపం దొర్లింది' అని పత్రికలకు ఇచ్చాడు. పెద్ద ఊళ్ళలో ఆ వార్త అందరూ చదివారు. కొండల కింద పత్రికలు రావు. అక్కడి జనం భుజాల్లో కవచం ఇంకా ఆరేళ్ళు ఊరుతూనే ఉంటుంది, వాళ్ళు దాన్ని నమ్ముకుని చెప్పుల్లేకుండా తిరుగుతూనే ఉంటారు.

అందుకని ఊరూరా తిరిగి చెప్పడానికి ఆమె బయల్దేరింది. మొదటి ఊళ్ళో ఎవరూ పోగవ్వలేదు. రెండో ఊళ్ళో నలుగురు పిల్లలొచ్చారు. మూడో ఊరికి వెళ్ళేసరికి బడి అరుగు మీద చెంచయ్య కూర్చునున్నాడు. ఎందుకొచ్చాడో ఆమె అడగలేదు. ఆయన చెప్పలేదు. పొద్దున్నే వీధి వీధీ తిరిగి జనాన్ని పిలుచుకొచ్చాడు. డెబ్భై మంది దాకా ఉన్నారు, పొలాలకు వెళ్ళే వేళ, కొడవళ్ళు సంచులతో.

ఆమె కాగితం మీద రాసుకొచ్చింది చదవడం మొదలుపెట్టింది. "కవచం తయారీలో ఒక లోపం..." అక్కడ ఆగింది. ఆ వాక్యంలో మనిషి లేడు. లోపం తనంతట తానే వచ్చినట్టుంది. కాగితం మడిచేసింది.

"నా పేరు కాత్యాయని. మీకు వేసిన సూది నేను కనిపెట్టిందే. కొండపింజర కరిస్తే అది పనిచేయదు. ఆ సంగతి సూది వేయకముందే నాకు తెలుసు. తెలిసి దాచాను. పామును తెచ్చిన ఈ చెంచయ్య గారు నాకు ముందే చెప్పారు. ఆయన పాడైన పామును తెచ్చాడని అబద్ధం రాశాను. మీ ఊళ్ళల్లో ఇద్దరు పోయారు. ఆ ఇద్దరూ నావల్ల పోయారు."

సిగ్గుతో ఆమె చెవులు మండుతున్నాయి, చూపు నేల మీదే ఉంది. ఎవరైనా రాయి విసిరినా బాగుండునని ఉంది. జనంలోంచి ఒకామె ముందుకొచ్చింది. తల మీద గడ్డిమోపు కట్టే తాడు చుట్టుకునుంది.

"నేను మాలకొండయ్య పెళ్ళాన్ని" అంది.

కాత్యాయని తలెత్తింది.

"ఆ పొద్దు ఆస్పత్రికి పోదాం రమ్మంటే, సూదుండాదిలేవే అన్నాడు. అరుగు మీద పడుకున్నాడు. నిద్రబోతన్నాడనుకున్నా. ఆస్పత్రికి మోసుకుపోయేసరికి ఆలీసమైపోయింది." ఆమె తల మీది తాడు తీసి చేతికి చుట్టుకుంది. "నువ్వు సిగ్గుపడతండావు, పడు. అది నీ పాటు. నాకు ముగ్గురు బిడ్డలు, ముగ్గురూ మేకల ఎంట పోతారు. కరిస్తే ఎంతసేపట్లో యాడికి పోవాల? అది జెప్పు."

"గంటలోపల. మండలం ఆసుపత్రికి. కాలు కదపకుండా మోసుకుపోవాలి. రెప్పలు వాలేదాకా ఆగొద్దు. 'కవచం ఉంది, అయినా మందివ్వండి' అని చెప్పాలి. ఇప్పుడిస్తారు. నియమం మారింది. ఇవ్వనంటే నాకు ఫోను చెయ్యండి."

మాలకొండయ్య పెళ్ళాం వెనక్కి తిరిగి జనాన్ని చూసింది. చివర వేపచెట్టు కింద నిలబడ్డ ముసలివాళ్ళు చెవుల దగ్గర చేతులు పెట్టుకుని ఉన్నారు.

"ఆ చెట్టు కిందోళ్ళకి ఇనపళ్ళా" అంది. "ఇంకోసారి జెప్పు."

కాత్యాయని అరుగు దిగి, జనం మధ్యలోంచి నడిచి, వేపచెట్టు దగ్గరికి వెళ్ళింది. గొంతు పెంచి మొదట్నుంచీ మళ్ళీ చెప్పడం మొదలుపెట్టింది, తన పేరుతో సహా.